ఇద్దరి లెక్క

మా ఆవిడా నేనూ బెంగుళూరు వచ్చి నలభై రెండేళ్ళు. ఏం చేశామని లెక్క వేసుకుంటే ఇల్లు, పిల్లల చదువులు, బోలెడు పోట్లాటలు! మీ ఇంట్లోనూ అంతేనేమో.

ఈ లెక్కల్లో మా ఆవిడకు స్నేహలతారెడ్డిగారు గుర్తొస్తారు. మన నెల్లూరు కవి పట్టాభిరామిరెడ్డిగారి భార్య. ఆయన తీసిన కన్నడ చిత్రం 'సంస్కార' (1970)లో చంద్రి ఆవిడే. ఎమర్జెన్సీలో, 1976లో, ఆవిడను ఇక్కడి సెంట్రల్ జైల్లో పెట్టారు. అసలే ఉబ్బసం మనిషి. 1977 జనవరిలో వదిలిపెట్టిన కొద్దిరోజులకే పోయారు. ఆ జైలు స్థలమే ఇప్పటి ఫ్రీడం పార్కు.

పట్టాభిగారు 2006 దాకా ఉన్నారు.

"ఇరవై తొమ్మిదేళ్ళు! ఇద్దరి లెక్క ఆయనొక్కరే ఎలా వేసుకున్నారండీ?" అంటుంది మా ఆవిడ.