యమభటుల సమ్మె కథ మళ్లీ రాయాలి

ముప్పై శాతం వేతనాలు పెంచాలంటూ 2025 ఆగస్టులో సినీ కార్మికులు సమ్మెకు దిగితే తెలుగు సినిమా షూటింగులు రెండు వారాలకు పైగా నిలిచిపోయాయి. హైదరాబాద్‌లోని మధురానగర్, కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గల్లీల్లో అద్దెకుంటూ జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొలువులనే నమ్ముకున్న జనం ఎదురుచూస్తూ కూర్చున్నారు. తెర మీద రాక్షస మూకలోనూ, ఇంద్రసభలోనూ, యమభటుల వరసలోనూ నిలబడేది ఈ గల్లీల మనుషులే. ఒకప్పుడు తెలుగు తెరపై ఆ యమభటులే సమ్మె చేశారు. ఇవాళ పురాణాన్నీ వర్తమానాన్నీ కలిపి తీస్తున్న సినిమాల్లో గ్రాఫిక్స్ సైన్యాలు వేలల్లో పుట్టుకొస్తున్నాయి గానీ, అందులో ఒక్కడికీ ఒక్క డిమాండూ లేదు. మన పరిశ్రమ ముద్దుగా సోషియో ఫాంటసీ అని పిలుచుకునే ఈ బాణీ బడ్జెట్‌లో ఎంత బలిసిందో, రాజకీయంలో అంత చిక్కిపోయింది.

ఎమర్జెన్సీని 1977 మార్చిలో ఎత్తేశారు. అదే ఏడాది అక్టోబరులో ‘యమగోల’ వచ్చింది. డి.వి. నరసరాజు రాసిన ఆ కథలో ఎన్టీఆర్ పాత్ర యమలోకానికి పోయి ఏడుస్తూ కూర్చోదు. భటులను కూడగట్టి యూనియన్ పెట్టిస్తుంది. కైకాల సత్యనారాయణ యముడు గద ఎత్తి గర్జిస్తాడు, కార్మికుల హక్కుల మాట వచ్చేసరికి నీళ్లు నములుతాడు. ఇరవై ఒక్క నెలలు నోరెత్తలేకపోయిన జనానికి ఆ నవ్వు ఎందుకు అంత అవసరమైందో వేరే చెప్పనక్కర్లేదు. అంతకుముందు ‘దేవాంతకుడు’ (1960), తరవాత ‘యముడికి మొగుడు’ (1988), ‘యమలీల’ (1994) కూడా యమపురిని సర్కారు ఆఫీసుగానే చూపించాయి. అక్కడ రిజిస్టర్లుంటాయి, వాటిని రాసే చిత్రగుప్తుడు పొరపాట్లు చేస్తాడు, ఆఖరికి భవిష్యవాణి పుస్తకాన్నే పోగొట్టుకుంటాడు. పైవాడి పొరపాటుకు కిందివాడు ఎందుకు బలికావాలన్నదే ఈ కథల ప్రాణం. ఈ ప్రశ్న, దాన్ని తెర మీద అడిగిన నటుణ్నీ వదల్లేదు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా 1986లో ప్రభుత్వోద్యోగులైన ఎన్జీవోల సుదీర్ఘ సమ్మెను ఎదుర్కొన్నారు. మరుసటి ఏడాదే ఆయన మీద ‘మండలాధీశుడు’ అనే వ్యంగ్య చిత్రం వచ్చింది.

ఇప్పటి సినిమాల్లో రాజకీయం లేదనడం అన్యాయం. ‘కల్కి 2898 ఏడీ’ (2024) కాశీలో నీటికీ గాలికీ జనం అల్లాడుతుంటే, నెత్తిన వేలాడే కాంప్లెక్స్‌లో సమస్తం పోగుపడి ఉంటుంది. లోపలికి వెళ్లాలంటే యూనిట్లు కూడబెట్టాలి. గేటెడ్ కమ్యూనిటీల హైదరాబాద్‌కు ఇంతకంటే పదునైన రూపకం దొరకదు. కానీ కథ చివర్లో భైరవకు విలువ వచ్చేది అతను చేసిన నిర్ణయం వల్ల కన్నా, పూర్వజన్మలో కర్ణుడని తేలడం వల్ల. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’లో అదే కర్ణుడి కోసం దుర్యోధనుడు నిండుసభలో కులగర్వాన్ని కడిగేశాడు. పుట్టుకను ప్రశ్నించడానికి పనికొచ్చిన పాత్ర, యాభై ఏళ్లు తిరక్కుండానే పుట్టుకకు కిరీటం పెట్టడానికి పనికొస్తోంది. ‘హనుమాన్’ (2024)లోనూ అంజనాద్రి జనాన్ని పాలెగాడు దోచుకుంటుంటాడు. వాణ్ని దించేది ఊరి జనం కాదు, హీరో చేతికి చిక్కిన మణి. సమస్య రాజకీయమైనదే, పరిష్కారం మాత్రం కండబలం. ప్రేక్షకుడు చేతులు జోడిస్తాడు, చెయ్యెత్తి అడగడు.

దీనికి రెండు సమాధానాలు వినిపిస్తాయి. మొదటిది, కాలం మారింది, ఇప్పుడు యముడితో పరాచికాలాడితే మనోభావాలు గాయపడతాయని. కేసులూ ధర్నాలూ ఊహల్లో భయాలు కావు. కోట్లు పెట్టినవాడు జంకడం సహజమే. అయితే తెలుగు భక్తికి నిలదీయడం కొత్త కాదు. గోల్కొండ చెరలో ఉండి, నగల ఖర్చు లెక్కలు అప్పజెప్పి మరీ రాముణ్ని దులిపేసిన రామదాసును మనం నాస్తికుడనలేదు, భక్తుడనే కొలిచాం. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయకుడనే దేవుణ్ని శతకం పొడవునా దెప్పితే, నిందాస్తుతి అని పేరుపెట్టి మెచ్చుకున్నాం. దేవుడితో చనువు ఉన్నవాడే దేవుణ్ని ప్రశ్నిస్తాడన్నది మన సంప్రదాయమే. రెండో సమాధానం మార్కెట్‌ది: స్థానిక రాజకీయం ఊరు దాటదు, దేశమంతా ఆడాలంటే విగ్రహమూ విస్ఫోటనమే కావాలని. చరిత్ర ఇందుకు సాక్ష్యం చెప్పదు. మన యమలోకపు కథలకు మూలం 1958 నాటి బెంగాలీ చిత్రం ‘యమాలయే జీబంత మానుష్’. ‘యమగోల’ హిందీలో ‘లోక్ పర్‌లోక్’గా 1979లో వెళ్లింది. పాన్ ఇండియా అనే మాట పుట్టకముందే ఈ వెటకారం కలకత్తా నుంచి మద్రాసుకూ, అక్కణ్నుంచి బొంబాయికీ ప్రయాణం చేసింది. దౌర్జన్యం చేసే ఆఫీసరు ఏ భాషవాడికైనా తెలుసు.

పైగా సరుకు కరువైందా అంటే అదీ లేదు. తెలంగాణలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఇంటింటికీ వెళ్లి చూడకుండా, కంప్యూటర్ లెక్కలను నమ్మి కార్డులు తీసేశారన్నది ఆ కేసులో ప్రధాన అభియోగం. చిత్రగుప్తుడి తప్పుల చిట్టాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఏ కథకుడు కల్పించగలడు? బతికుండగానే జాబితాలోంచి పేరు పోయిన ఒక ముసలామె యమసభకు వెళ్లి తన లెక్క తేల్చమని పట్టుబడితే, దానికి వందల కోట్లు అక్కర్లేదు. ఒక సింహాసనం, ఒక రిజిస్టరు, నరసరాజు లాంటి కలం చాలు. మొదటి రెండూ స్టూడియోల్లో దొరుకుతాయి. మూడోదాని మీద నిర్మాతలు ఖర్చు పెట్టడం మొదలుపెట్టాలి.