రొయ్యల యెగుమతి: లాభము లెవరివి?

విదేశములకు సరకు హెచ్చుగా పోయినకొలది పల్లెలు బాగుపడునని మన ప్రభుత్వములు తఱచుగా చెప్పుచుందురు. కృష్ణా, గోదావరీ డెల్టాలలోని రొయ్యల చెఱువులను జూచినవారి కిందు సగమే సత్యమని తోచకమానదు. దేశమునుండి యెగుమతియగు రొయ్యలలో అధికభాగ మాంధ్రతీరమున పెరిగినదే. ధనము వచ్చుచున్నది. గ్రామమునకు వచ్చిన ధనము గ్రామస్థులందఱికిని చేరినదా యనునదే ప్రశ్న.

వరిచేను చెఱువుగా మాఱినపుడు భూస్వామికి వరికౌలుకంటె మిక్కిలి హెచ్చు కౌలు రొక్కముగా ముట్టును. కౌలుదారుడు రొయ్యపిల్లను, మేతను అరువు దెచ్చి, తెల్లమచ్చల తెగులునకును ధరల పతనమునకును తానొక్కడే తలయొగ్గవలయును. నాట్లువేసి, కలుపుదీసి బ్రతికిన కూలి స్త్రీలకు చెఱువుగట్టున పని స్వల్పము. ఉప్పునీరు సోకి చేను చౌడుబాఱిన చిన్నరైతు తానును పొలము కౌలున కీయక తప్పదు. ఒక్క యెగుమతియే యొకనికి ఆదాయమును, వేఱొకనికి ఋణమును, మఱొకనికి వలసయు నగుచున్నది.

2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచెను. ఆ దెబ్బ తొలుత తగిలినది సాగుచేయువానికే. చెఱువుగట్టున ధర పడెను. అంతకుమున్నే చెల్లించిన కౌలు మాత్రము తిరిగి రాదుగదా!

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరమందలి రొయ్యల పరిశ్రమలను మూయవలసినదని తీర్పుచెప్పుచు, పనిగోల్పోవు కార్మికులకు ఆఱేండ్ల వేతనమును అదనపు పరిహారముగా నీయవలయునని యాదేశించెను. ఆ తీర్పు పూర్తిగా అమలునకు రాలేదు. 2005 లో పార్లమెంటు చేసిన చట్టముతో చెఱువులకు అనుమతిమార్గ మేర్పడెను. కూలివాని నష్టమునుగూడ లెక్కింపవలయునను న్యాయభావము మఱుగుపడెను.

ఎగుమతిని మాన్పుమని మేము కోరుటలేదు. చెఱువుకౌలు వ్రాతమూలకముగా నుండవలయును. తెగులుగాని ధరపతనముగాని కలిగినయేడు కౌలు తగ్గవలయును. ఋణము, భీమా, పరిహారము సాగుచేయువాని పేరనే రావలయును. నోటిమాట కౌలుతో న్యాయస్థానపు మెట్లెక్కినవాని కేమి దక్కునో న్యాయవాదవృత్తిలోనున్న మాకు తెలియనిది కాదు. వరిచేను చెఱువు కాకమునుపు గ్రామసభలో కూలివారి మాటయు వినవలయును. ఎగుమతి రాబడిలో నొక పాలు వారి జీవనోపాధికి ప్రత్యేకింపవలయును.

పాఠకులారా, ఎన్నివేల కోట్ల సరకు ఓడ లెక్కినదో ప్రభుత్వ మేటేట ప్రకటించును. అందులో కౌలుదారునకెంత, కూలివానికెంత యని మనము ప్రతి సభయందును అడుగుదము.