ముత్యాల గర్భం... తప్పెవరిది?

భద్రాచలంలో ముత్యాలంటే సీతారాముల తలంబ్రాలే గుర్తొస్తాయి. డాక్టరు నోట 'ముత్యాల గర్భం' అన్న మాట వింటే మాత్రం గుండె గుభేలుమంటుంది. అందులోనూ ఏళ్ల తరబడి ఎదురుచూసి, అప్పోసప్పో చేసి ఐవీఎఫ్‌తో నెల తప్పిన ఇంట్లో! స్కానింగులో బిడ్డ బదులు ద్రాక్షగుత్తిలాంటి నీటిబుడగలు. ఆ వెంటనే మొదలవుతుంది... తప్పు ల్యాబుదా? కోడలిదా?

చాలాసార్లు ఇద్దరిదీ కాదు. బిడ్డకు తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23 క్రోమోజోములు రావాలి. పూర్తి ముత్యాల గర్భంలో సాధారణంగా తల్లి వాటా ఉండదు. అండంలోకి వెళ్లిన వీర్యకణమే తన 23ను రెట్టింపు చేసుకుంటుంది. లెక్క 46కి సరిపోతుంది గానీ, ఆస్తంతా తండ్రిదే! 1977లో జపాన్ శాస్త్రవేత్తలు కాజీ, ఒహామా బయటపెట్టిన సంగతి ఇది. తండ్రి జన్యువుల మొగ్గు మాయను పెంచడం వైపు. అందుకే మాయ విపరీతంగా పెరుగుతుంది, బిడ్డ ఏర్పడదు.

ఒకే అండంలోకి రెండు వీర్యకణాలు దూరినా ఈ సమస్య రావచ్చు. సూదితో ఒక్క కణాన్నే పంపే ఇక్సీ దాన్ని చాలావరకు ఆపగలదు. ఆ ఒక్కటే రెట్టింపైతే ఆపలేదు. పిండానికి చేసే మామూలు క్రోమోజోముల లెక్కింపులోనూ 46 కనిపిస్తాయి. అవి ఎవరివో తేల్చే పరీక్ష వేరు.

మళ్లీ మళ్లీ ఇదే వస్తుంటే కథ మారుతుంది. అలాంటి కొందరు స్త్రీలలో ఎన్‌ఎల్‌ఆర్‌పీ7 అనే జన్యువు లోపమే కారణమని 2006లో తేలింది. అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపం అందితేనే ఈ ఇబ్బంది. ఆమె అమ్మానాన్నలది మేనరికమైతే ఆ అవకాశం ఎక్కువ. ఇలాంటప్పుడు సొంత అండంతో ఎన్నిసార్లు ఐవీఎఫ్ చేయించినా డబ్బు దండగే కావచ్చు. దాత అండంతో బిడ్డలు పుట్టిన ఉదాహరణలున్నాయి. మరో ప్రయత్నానికి ముందే జన్యు పరీక్ష గురించి అడగాలి.

అసలు ప్రమాదం ఇంటికి వచ్చేశాకే. గర్భాశయం శుభ్రం చేశాక హెచ్‌సీజీ రక్తపరీక్ష మామూలు స్థాయికి వచ్చేదాకా వారం వారం, తర్వాత కొన్ని నెలలు చేయించాలి. చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల నుంచి ఖమ్మం దాకా రావాలంటే ఒక రోజు కూలి పోయినట్టే. రక్తస్రావం ఆగింది కదా అని మానేస్తారు. పూర్తి ముత్యాల గర్భం తర్వాత నూటికి 15 నుంచి 20 మందిలో ఆ కణజాలం మళ్లీ పెరుగుతుంది. అరుదుగా క్యాన్సర్ కూడా అవుతుంది. త్వరగా పట్టుకుంటే దాదాపు అందరికీ మందులతోనే నయమవుతుంది, తర్వాత బిడ్డనూ కనవచ్చు. రక్తం దగ్గరలోనే ఇచ్చి, ఫలితాన్ని ఫోనులో చెబితే చాలునేమో డాక్టరును ముందే అడగడం మేలు. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించాలి. డాక్టరు సరేననేదాకా మళ్లీ గర్భం రాకూడదు. వస్తే హెచ్‌సీజీ పెరిగింది దానివల్లో, జబ్బువల్లో తేల్చడం కష్టం.