పనిలేని రాత్రుల సినిమాలు

డిగ్రీ అయిపోయాక మూడేళ్ళు ఏ ఉద్యోగమూ దొరక్క గూడూరులోనే ఉన్నాను. పగలు నాయన ముఖం చూడలేక ఇంట్లో ఉండబుద్ధయ్యేది కాదు. రాత్రయితే స్నేహితులిద్దరితో కలిసి జంక్షన్ ప్లాట్‌ఫారం మీద కూర్చునేవాణ్ణి. మద్రాసు బండ్లు, రేణిగుంట బండ్లు వచ్చి పోతుండేవి. మేం ఏదీ ఎక్కేవాళ్ళం కాదు. "ఏందబ్బా, ఈపొద్దు ఎటు?" అని ఒకడు అడిగితే, "ఎటో ఒకటు పోదాం పా" అనేవాడు ఇంకొకడు.

అట్టా ఒక రాత్రి సైదాపురం రోడ్డులో పెట్రోలు అయిపోయి మోటారుసైకిలు ఆగింది. పక్కన మూతబడిన మైకా గని, అందులోంచి తోడిపోసిన రాతిపొడి గుట్ట. చీకట్లో అక్కడ గుట్ట ఉందని కూడా తెలీలేదు. లారీ ఒకటి మలుపు తిరిగింది. లైటు పడేసరికి గుట్టంతా చేపపొలుసులు కుప్పపోసినట్టు తళుక్కుమంది. లారీ పోయింది, మళ్ళీ చీకటి. దయ్యం లేదు, ఏమీ లేదు. అయినా ఊరు చేరేదాకా ముగ్గురం నోరు మెదపలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే చెప్పులకు మైకా రేకులు అంటుకుని ఉన్నాయి.

తక్కువ డబ్బుతో తీసిన వింత సినిమాలంటే నాకు ప్రాణం. అవి నన్ను మళ్ళీ ఆ రోడ్డు మీద నిలబెడతాయి. మన పెద్ద సినిమాల్లో పనిలేని కుర్రాడు నవ్వించడానికైనా ఉంటాడు, ఇంటర్వెల్ తర్వాత బాగుపడటానికైనా ఉంటాడు. వాడికి గడవని పొద్దును అవి చూపించవు. భయం పుట్టేది ఆ పొద్దులోనే అని నా నమ్మకం. పనున్నవాడు గుట్ట పక్కనుంచి వెళ్ళిపోతాడు. పనిలేనివాడు అక్కడ ఆగుతాడు.

చిన్న సినిమాలు మాత్రం వాడితో పాటే ఆగుతాయి. చంద్రశేఖర్ యేలేటి 2003లో 'ఐతే' తీసి, నలుగురు నిరుద్యోగుల మీద సినిమా మొత్తం నిలబెట్టారు. 2019లో రితేష్ రాణా తీసిన 'మత్తు వదలరా'లో జీతం చాలని డెలివరీ కుర్రాడు ఐదువందల నోటు కోసం చిన్న మోసానికి దిగి, ముక్కూమొహం తెలియనివాళ్ళ ఫ్లాటులో శవం పక్కన తేలతాడు. నవ్వొస్తూనే ఉంటుంది, వెన్ను జలదరిస్తూనే ఉంటుంది. అమెరికాలోని తెలుగువాళ్ళు తీసిన 'గతం' 2020లో ఓటీటీకి వచ్చింది. మంచు, దారిలో చెడిపోయిన కారు, పరాయివాడి ఇల్లు. మొదటి గంటలో ఆ ఇంటాయన మర్యాదే మనల్ని వణికిస్తుంది. తర్వాత ముడులన్నీ విప్పేసరికి నాకు కొంత దిగులేసింది. విప్పకుండా వదిలేసి ఉంటే బాగుండేది.

డబ్బు లేకపోవడం ఈ సినిమాలకు మేలే చేస్తుంది. గ్రాఫిక్స్‌కి పైసా లేనివాడు భయాన్ని తెర అవతలే ఉంచాలి. అమెరికాలో 1999లో వచ్చిన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' అడవిలో ముగ్గురు యువతీయువకులను తిప్పి, మంత్రగత్తెను ఒక్కసారి కూడా చూపించకుండానే లోకాన్ని భయపెట్టింది.

నా బాధంతా థియేటర్ల గురించి. ప్రేక్షకుల దగ్గరే డబ్బు పోగుచేసి ఫణీంద్ర నర్సెట్టి తీసిన 'మను', వేరే దర్శకుడి 'కేరాఫ్ కంచరపాలెం' 2018 సెప్టెంబరు 7న ఒకే రోజు విడుదలయ్యాయి. కంచరపాలెం అందరి నోళ్ళలో నానింది. 'మను'ని నేను చాలా రోజులకు ఫోనులో, దుప్పటి కప్పుకుని చూడాల్సొచ్చింది. చీకటినే నమ్ముకున్న సినిమా అది. అరచేతి వెడల్పు తెరలో దాని చీకటికి చోటేదీ? మా గూడూరు లాంటి ఊళ్ళలో వారానికి ఒక్క సెకండ్ షో ఇలాంటి వాటికి వదిలితే చాలు. ఇరవైమందే రానీ, ఆ ఇరవైమందీ లైట్లు ఆరిన హాల్లో కలిసి చూడాలి.

ఇప్పుడు నేను నిమ్మకాయల మండీలో లెక్కలు రాస్తున్నాను. ఒక స్నేహితుడు శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీకి పోతాడు. మొన్న సంక్రాంతికి ముగ్గురం కలిసి సైదాపురం రోడ్డుకి పోయాం. రాత్రి పదకొండున్నరకి బండి లైటు ఆర్పి, గుట్టకు ఎదురుగా కూర్చున్నాం. చాలాసేపు లారీ రాలేదు. "దీన్ని ఎవురన్నా సినిమా తీస్తే ఏం చూపిస్తారు రా?" అన్నాడు శ్రీసిటీవాడు. "ఇదే, ఇట్టా కూర్చోడమే" అన్నాను.