రెప్పమీద రెండవసారి కత్తి పెట్టకముందు



ఈ రోజులలో మన ఇండ్లలోని యౌవనులు సెల్‌ఫోనులో కొరియా దేశపు సీరియళ్లు చూచుచున్నారు. ఆ నటీనటుల కనురెప్పల విషయమై ఒక సంగతి మనలో చాలామందికి తెలియదు. ఈ నెల దానిని గూర్చియే వ్రాయదలచితిమి.

కన్ను తెరచినప్పుడు మన పైరెప్పమీద ఒక మడత పడును. రెప్పను పైకెత్తు కండరము యొక్క సన్నని పోగులు చర్మమునకు అంటుకొనియుండుటవలన అది ఏర్పడును. కొరియా, చైనా, జపాను దేశములవారిలో దాదాపు సగముమందికి ఈ మడత పుట్టుకతో ఉండదు. అది జబ్బు కాదు, లోపమూ కాదు. వారి చూపునకు ఏ కొరతా లేదు. అయినను మడత ఉన్న కన్నే అందమను తలంపు అక్కడ బలపడినది.

ఈ ఆపరేషను క్రొత్తది కాదు. జపాను వైద్యుడు మికామో 1896లోనే దారముతో కుట్లువేసి మడత కల్పించు విధానమును ప్రచురించెను. 1953లో కొరియా యుద్ధము ఆగిన తరువాత అక్కడ పనిచేసిన అమెరికా వైద్యుడు రాల్ఫ్ మిల్లర్డ్ ఈ ఆపరేషన్లు చేసి, 1955లో వాటిని గూర్చి వ్రాసెను. నేడు సియోలు నగరములోని గంగ్నం ప్రాంతములో ఇట్టి క్లినిక్కులు వీధివీధినా ఉన్నవి. నవంబరులో కాలేజీ ప్రవేశ పరీక్ష ముగియగానే, హాల్‌టికెట్టు చూపిన విద్యార్థులకు రుసుము తగ్గించు క్లినిక్కులున్నవి. పరీక్ష వ్రాసిన కూతురికి తల్లిదండ్రులు దీనిని కానుకగా చేయించుటయు కలదు.

ఆ కానుక అనుకున్నట్లు రాకపోతే ఏమి చేయవలెను? అక్కడి కుటుంబములకు ఇది నిజమైన వేదన. కొందరికి మడత కొన్నాళ్లకు సడలి మాయమగును. కొందరికి రెండు కన్నులు సమానముగా ఉండవు. కొందరికి మడత మరీ ఎత్తున పడి, ఎల్లప్పుడు బెదరినట్టు కనబడును. క్రొవ్వు ఎక్కువ తీసిన యెడల రెప్ప గుంటపడును. కండరమునకు దెబ్బ తగిలిన యెడల రెప్ప వాలిపోవును. చర్మము ఎక్కువ కోసిన యెడల నిద్రలోకూడ కన్ను పూర్తిగా మూతపడదు. అప్పుడు కన్ను ఎండి, నల్లగ్రుడ్డుమీది పారదర్శకమైన పొరకు హాని కలుగును. ఇది అందమునకు సంబంధించిన మాట కాదు, చూపునకు సంబంధించిన మాట.

ఇట్టివారికి చేయు రెండవ ఆపరేషను మొదటిదానికంటె కష్టమైనది. లోపల కణజాలము గట్టిపడి ఒకదానికొకటి అతుక్కొనియుండును. వైద్యుడు ఆ అతుకులను విడదీసి, అవి మరల అంటుకొనకుండ నడుమ క్రొవ్వు ఉంచి, మడతను క్రొత్తచోట నిలుపును. రోగి కన్ను తెరచి మూసి చూపుటకు వీలుగా, సాధారణముగా ఆ చోటు మాత్రమే మొద్దుబారునట్లు మందు ఇచ్చుదురు. సడలిన మడతను మరల వేయుట కొంత సులభము. తక్కువ ఎత్తు మడతను పెంచుటకంటె, ఎక్కువ ఎత్తు మడతను దించుట చాల కష్టము. కోసివేసిన చర్మమును తిరిగి పెట్టుట మరింత కష్టము. బట్ట కత్తిరించు దర్జీకి ఈ సంగతి బాగుగా తెలియును.

కాబట్టి తొందర తగదు. మొదటి వారములలో వాపువలన మడత ఉన్నదానికంటె ఎత్తుగా కనబడును. మచ్చ మెత్తబడుటకు ఆరు నెలలైనను ఆగవలెనని వైద్యులు సాధారణముగా చెప్పుదురు. అయితే ఆపరేషను తరువాత తీవ్రమైన నొప్పి, కన్ను ఉబ్బుట, చూపు మందగించుట కనబడిన యెడల గంటైనను ఆగక ఆసుపత్రికి వెళ్లవలెను. కన్ను మూతపడనివారు చుక్కల మందు, రాత్రివేళ లేపనము వాడుచు కంటి వైద్యునికి చూపించుకొనవలెను.

రెండవసారి వెళ్లువారు మొదటి ఆపరేషను కాగితములను, అంతకుముందు తీసిన ఫోటోలను వెంట తీసికొనిపోవుట మంచిది. "మీరేమి చేయగలరు?" అని మాత్రమే కాక, "ఏమి చేయలేరు?" అనికూడ వైద్యుని అడుగవలెను. అంతా సరిచేసెదనని మాట ఇచ్చువానికంటె, హద్దు చెప్పువాడు నమ్మదగినవాడు. ఇతరులకు కనబడని లోపమును అద్దములో దినమంతయు వెదకువారికి కత్తివలన నెమ్మది కలుగదు. అట్టివారికి మనస్సుకు సంబంధించిన వైద్యము అవసరము. మంచి వైద్యుడు అట్టివారికి ఆపరేషను చేయక, ఆ సహాయము కొరకే పంపును.

ఇది దూరదేశపు కథ అని మనము తేలికగా తీసికొనరాదు. పెండ్లిచూపులలో పిల్ల రంగును, ముక్కును తూచు అలవాటు మన పల్లెలలోనూ ఉన్నది. ఆ కూతురు ఆపరేషను బల్లమీదికి వెళ్లుటకు చాలా ఏండ్లముందే, నీ కన్నులు చిన్నవని ఇంటిలో ఎవరో నవ్వుచు అనియుండవచ్చును. తల్లులారా, తండ్రులారా, మన పిల్లల ముఖమును గూర్చి మనము నోరు జారి అను మాటను సరిచేయుటకు రెండవ ఆపరేషను లేదు. ఈ రాత్రి భోజనమువద్ద వారి ముఖములను ఒకసారి ప్రేమతో చూచి, ఒక మంచిమాట చెప్పుదము.