తోటమాలి తోట మారితే

పిల్లలూ! రాజమండ్రి నుంచి కడియం వేపు వెళ్ళినవాళ్ళు అక్కడి మొక్కల తోటలు చూసే వుంటారు. కిందటి నెల మా మేనల్లుడు అక్కడికి వెళ్ళి వచ్చి ఒక ప్రశ్న వేశాడు.

"మామయ్యా, అంటు కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి ఒక తోట మానేసి పక్క తోటలో చేరాడనుకో. మొదటి తోట యజమానికి నష్టమే గదా?"

నష్టమే. ఆ నేర్పు అతనితోనే పోతుంది. కాని ఇలాటిదే కంప్యూటర్ల లోకంలో ఒకసారి జరిగింది. దాని ఫలితం వేరు.

కంప్యూటరు చేత పని చేయించే మూల ప్రోగ్రాములలో లినక్స్ ఒకటి. ఫిన్లండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో దీన్ని మొదలుపెట్టాడు. దీని రాతను, అంటే కోడ్‌ను, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. ఒక్కటే షరతు: మార్చినదాన్ని ఇతరులకు ఇచ్చేటప్పుడు రాత కూడా ఇవ్వాలి, దాచుకోకూడదు. మరి కంపెనీలకు డబ్బెలా వస్తుందంటారా? లినక్స్‌ను సరిచూసి అందించినందుకూ, చిక్కు వస్తే బాగుచేసినందుకూ వసూలు చేస్తాయి. జర్మనీలో పుట్టిన సూసే అలాటి కంపెనీ.

అందులో క్రిస్ మేసన్ అనే ఆయన పని చేసేవాడు. డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడ పెట్టాలో, మళ్ళీ ఎలా వెతికి తియ్యాలో చూసే ప్రోగ్రామును ఫైల్ సిస్టమ్ అంటారు. అదీ ఆయన విద్య. 2007లో ఆయన సూసేను విడిచి ఆరకిల్ కంపెనీలో చేరాడు. ఆరకిల్ అంతకు ముందు ఏడే సొంతంగా లినక్స్ వ్యాపారం మొదలుపెట్టింది. అంటే పోటీదారు!

చేరిన ఏడే ఆయన బీటీఆర్ఎఫ్ఎస్ అనే కొత్త ఫైల్ సిస్టమ్‌ను బయటపెట్టాడు. కొందరు దాన్ని "బటర్ ఎఫ్ఎస్" అంటారు గాని, వెన్నకూ దానికీ ఏమీ సంబంధం లేదు.

అందులో విశేషమేమిటి? మీరు నోటుపుస్తకంలో ఒక లెక్క చెరిపి, అక్కడే తిరిగి రాస్తున్నారనుకోండి. సగంలో దీపం ఆరిపోయింది. పాతదీ పోయె, కొత్తదీ రాకపోయె! గాలివాన రోజుల్లో కరెంటు పోవడం మన వేపు పిల్లలకు చెప్పాలా? ఈ ప్రోగ్రాము పాతదాని జోలికి పోదు. కొత్తది ఖాళీ చోట రాసి, అది పూర్తి అయాకనే "ఇకమీద ఇక్కడ చూడు" అని గుర్తు మారుస్తుంది. మధ్యలో కరెంటు పోతే పాతది భద్రంగా వుంటుంది. పైగా ప్రతి ముక్కకూ ఒక లెక్క కట్టి వుంచుతుంది. చదివేటప్పుడు ఆ లెక్క కుదరకపోతే ముక్క చెడిందని పసికట్టేస్తుంది. ఈ ఊహ అంతా మేసన్‌దే కాదు. ఐబీఎం పరిశోధకుడు ఓహద్ రోడే 2007లో వివరించిన పద్ధతి దీనికి ఆధారం.

2009లో ఇది లినక్స్‌లో చేరింది. మరి సూసే? మనిషి పోయాడని అలిగి కూర్చోలేదు. ఆయన పోటీ కంపెనీలో మొదలుపెట్టిన ప్రోగ్రామునే తీసుకుని, తమ వాళ్ళ చేత మెరుగులు పెట్టించి, 2014లో తమ 12వ కూర్పులో మూల విభాగానికి దాన్నే ఖాయం చేసుకున్నది. రెడ్‌హాట్ కంపెనీ మాత్రం కొంతకాలం పరీక్షగా వుంచి, 2019 నాటి తమ 8వ కూర్పులో తీసేసింది. తమాషా ఏమిటంటే, రెడ్‌హాట్ అండతోనే నడిచే ఫెడోరా 2020లో డెస్క్‌టాప్‌కు దాన్నే ఎంచుకున్నది!

మేసన్ 2012లో ఆరకిల్‌ను కూడా విడిచి, మరొక కంపెనీ మీదుగా ఫేస్‌బుక్‌కు చేరాడు. అక్కడా ఇదే ప్రోగ్రాము మీద పని చేశాడు.

ఇదంతా విని మేనల్లుడు, "అయితే కడియంలో అతను పక్క తోటలో కట్టిన అంటును మొదటి యజమాని ఊరికే తెచ్చుకోవచ్చునా?" అన్నాడు.

"అడిగి చూడాలి. అక్కడ ఆ షరతు ఎవరూ రాసుకోలేదు గదా!" అన్నాను.