అవ్వ మాటే తొలి పాఠం

తమిళ బోధనను తప్పనిసరి చేస్తూ తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం, ఒకటవ తరగతితో మొదలై 2015-16 నాటికి పదవ తరగతిని చేరింది. హోసూరు ప్రాంతపు తెలుగు కుటుంబాలకు ఆ వేదన తెలుసు. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతున్నది. ఆ హక్కుకై మన పోరాటం ఆగరాదు.

అయితే బడిలో తెలుగు గంట ఉన్నంత మాత్రాన భాష నిలువదు. ఆ గంట కోసం బిడ్డ ఎదురుచూడాలి. ఇంట అవ్వ చెప్పే సామెతను, పొడుపుకథను, సేద్యపు మాటను పిల్లలు సెల్‌ఫోనులో రికార్డు చేసి, తరగతిలో విని, తెలుగు లిపిలో వ్రాయాలి. 1852 నాటి బ్రౌను నిఘంటువు నేడు అంతర్జాలంలో ఉచితంగా లభిస్తున్నది. అందులో వెదికినా దొరకని మాట మన ఊరి సొత్తు. బళ్ళారి, రాయగడ, సిరోంచ, యానాం బడులు ఇట్టి మాటల పట్టికలను పరస్పరం పంపుకొనవచ్చు.

విని వదిలేస్తే అక్షరం అబ్బదు. వ్రాయించి దిద్దేందుకు ఉపాధ్యాయుడు కావాలి. ఫోను ఉన్నది గదా అని తెలుగు పంతులు కొలువును ఖాళీగా ఉంచితే అంగీకరించరాదు. పనిముట్టు గురువుకు తోడే గాని బదులు కాదు.